ఆ తరవాత ఏమైంది?

(మహాసభల సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నా నమస్కారాలు. పిల్లలను విడిగా తలుచుకోవడానికి కారణం ఉంది. నేను మాట్లాడబోయే విషయం వాళ్లకి నాకంటే బాగా తెలుసు. తప్పు చెబితే అక్కడినుంచే దిద్దండి, ఏమీ అనుకోను.

నేను దోహాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. నలభై ఎప్పుడో దాటాయి. జపాన్ వాళ్ల బొమ్మల కథలు చదువుతాను. వాటిని మాంగా అంటారు. వాటినే తెర మీద ఆడించే ఆనిమే కూడా చూస్తాను. ఈ మాట బయటపెడితే మనవాళ్లు రెండు రకాలుగా చూస్తారు. "ఈ వయసులో ఇదేం పిచ్చి?" అన్నది మొదటి చూపు. దానికి నా దగ్గర జవాబు లేదు, పిచ్చి పిచ్చే. "మావాడికీ ఇదే పిచ్చండీ, తెలుగు ముక్క రాకుండా పోతోంది" అన్నది రెండో చూపు. నా ప్రసంగమంతా ఆ రెండో చూపు గురించే. మన పిల్లలకి తెలుగు రాకపోవడానికి ఈ బొమ్మల కథలు కారణం కావనీ, తెలుగులో వాళ్లు ఎదురుచూసే కథ లేకపోవడమే కారణమనీ నా నమ్మకం. సరిగ్గా పట్టుకుంటే ఈ కథలే తెలుగుకి దారి చూపిస్తాయి. ఖతార్‌లో ఉండి నేను చూసినవీ తెలుసుకున్నవీ చెబుతాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాంగా ఎక్కువగా నలుపు తెలుపుల్లో, చవక కాగితం మీద, వారపత్రికల్లో సీరియల్‌గా వస్తుంది. బాగా ఆదరణ పొందితే పుస్తకాలుగా వేస్తారు. పిల్లలకి వేరు, పెద్దలకి వేరు. వంట మీద ఉంటాయి, ఆటల మీద ఉంటాయి, చరిత్ర మీద ఉంటాయి. 1990ల మధ్యలో షోనెన్ జంప్ అనే ఒక్క వారపత్రిక 60 లక్షల ప్రతులు దాటింది. పుస్తకం కుడినుంచి ఎడమకి చదవాలి. మొదట్లో ఇంగ్లీషు ప్రచురణకర్తలు బొమ్మలను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చువేసేవారు. దాంతో కత్తివీరులందరూ ఎడమచేతివాటం వాళ్లైపోయారు! 2002 ప్రాంతం నుంచి తిప్పకుండా వేయడం మామూలైంది. అరబ్బులకి ఈ తంటా లేదు, వాళ్ల లిపే కుడినుంచి ఎడమకి నడుస్తుంది.

దోహాలో మా వారం ఆదివారం మొదలవుతుంది, శుక్ర శనివారాలు సెలవు. ఎండాకాలం నాలుగైదు నెలలు పగటిపూట బయట తిరిగే పని పెట్టుకోం. 2019లో మెట్రో వచ్చాక మాత్రం నాలాంటివాడికి ప్రాణం లేచి వచ్చింది. గ్రీన్ లైన్ ఎక్కితే ఖతార్ నేషనల్ లైబ్రరీ దగ్గరే దిగొచ్చు. 2017లో జనానికి తలుపులు తెరిచిన ఈ గ్రంథాలయాన్ని రెమ్ కూల్‌హాస్ అనే డచ్ వాస్తుశిల్పి రూపొందించాడు. లోపల అడ్డుగోడలు దాదాపు ఉండవు, గుమ్మంలో నిలబడితే మెట్లు మెట్లుగా పుస్తకాలన్నీ ఒక్కసారే కనబడతాయి. శనివారాలు నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ అక్కడికి వెళతాం. వచ్చేటప్పుడు రైల్లో ఇద్దరం చెరో పుస్తకంలో తల దూర్చి కూర్చుంటాం. ఈ మధ్య చదివినవాటిలో మూడు చెబుతాను.

మొదటిది "సతోకో అండ్ నాదా". రాసినావిడ పేరు యుపెచికా. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన జపాన్ అమ్మాయి, సౌదీ అమ్మాయి ఒకే గదిలో ఉంటారు. నాలుగేసి గళ్లలో చిన్న చిన్న ముచ్చట్లు. తిండి, బట్టలు, ప్రార్థన, స్నేహం. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఉండి కూడా పక్కింటి అరబ్బు కుటుంబంతో "సలాం"కి మించి మాట్లాడని మనలాంటివాళ్లు చదవాల్సిన పుస్తకం. రెండోది ఒసాము తెజుకా వేసిన "బుద్ధ". 1972లో మొదలుపెట్టి 1983 దాకా వేశాడు. మన కథనే ఆయన నవ్వించి ఏడిపించి చెబుతుంటే నాకు అమరావతి శిల్పాలు గుర్తొచ్చాయి. అక్కడా బుద్ధుడి కథ రాతి పలకల మీద ఘట్టం తరవాత ఘట్టంగా నడుస్తుంది. మన చేర్యాల నకాషీ పటం మాత్రం ఏమిటి? పొడవాటి గుడ్డ మీద అడ్డగళ్లు గీసి, గడికొక ఘట్టం బొమ్మ వేస్తారు. కథకుడు పటం విప్పుకుంటూ, బొమ్మ చూపిస్తూ, పాడుకుంటూ పోతాడు. బొమ్మలతో వరసగా కథ చెప్పడం మనకి పరాయి విద్య కాదు. మూడోది "ఫ్రీరెన్". దాని సంగతి కాసేపాగి చెబుతాను, అది మా ఇంటి విషయం.

ఇప్పుడు ఈ సభలో నలభై దాటినవాళ్లని ఒకటి అడుగుతాను. మీకు తెలుగు చదవడం ఎవరు నేర్పారు? పంతులుగారు అక్షరాలు నేర్పారు, నిజమే. కానీ పరిగెత్తించి చదివించింది ఎవరు? నా మటుకు నాకు చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. కొడవటిగంటి కుటుంబరావు చేతిలో ఆ తేట తెలుగు తీరింది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకి చిత్రా బొమ్మలు, బేతాళ కథలకి శంకర్ బొమ్మలు. సీరియల్ సరిగ్గా రాక్షసుడు గుహలోంచి బయటికి వచ్చే చోట ఆగిపోయేది. "ఇంకా ఉంది" అన్న రెండు మాటలు నెల్లాళ్లు మనల్ని నిద్రపోనిచ్చేవి కావు. పుస్తకం వచ్చిన రోజు అన్నదమ్ములు కొట్టుకునేవాళ్లు. తెలుగు చదవమని ఎవరైనా మనల్ని బతిమాలారా? "ఆ తరవాత ఏమైంది?" అన్న ఆత్రం మనచేత చదివించింది. ఆ చందమామ 2010ల మొదట్లో ఆగిపోయింది. మన పిల్లలకి ఆ ఆత్రం ఇప్పుడు జపాన్ నుంచి, ఇంగ్లీషులో వస్తోంది. ఆకలి వాళ్లకీ ఉంది. అన్నం మాత్రం మనం పెట్టలేదు.

ఇదే చిక్కు అరబ్బులకి ఇంకో రూపంలో వచ్చింది. అరబిక్ అంటే మనం ఒకే భాష అనుకుంటాం. ఇంట్లో మాట్లాడే అరబిక్ దేశానికొకటి. మొరాకో మాండలికం గల్ఫ్‌వాడికి తిన్నగా అర్థం కాదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది "ఫుస్‌హా" అనే ప్రామాణిక భాష. పాఠ్యపుస్తకాల్లో, వార్తల్లో ఉంటుంది. ఏ తల్లీ బిడ్డకి ఆ భాషలో అన్నం పెట్టదు. మన గ్రాంథికం లాంటిదనుకోండి. పిల్లలకి అది పరీక్ష కోసం మింగే మాత్ర.

ఆ మాత్రకి తీపి పూసింది జపాన్ బొమ్మలే. గో నగాయ్ సృష్టించిన "గ్రెండైజర్" అనే రాకాసి మరమనిషి కథ జపాన్‌లో 1975 నుంచి 1977 దాకా 74 భాగాలుగా వచ్చింది. దాన్ని 1979 ప్రాంతంలో లెబనాన్‌లో ఫుస్‌హాలోకి డబ్బింగ్ చేశారు. టైటిల్ పాట పాడిన సామీ క్లార్క్ 2022లో పోయినప్పుడు అరబ్బు దేశాల్లో ఒక తరం తరమంతా తమ చిన్నతనాన్ని తలుచుకుంది. తరవాత "కెప్టెన్ త్సుబాసా" అనే ఫుట్‌బాల్ కథ "కెప్టెన్ మాజిద్" పేరుతో వచ్చింది. 2000లో స్పేస్‌టూన్ ఛానల్ మొదలయ్యాక డమాస్కస్‌లోని వీనస్ సెంటర్ డబ్బింగ్‌లు ఇంటింటికీ చేరాయి. ఒక్క భాషలో చేస్తే అన్ని దేశాలకీ అమ్ముకోవచ్చన్న వ్యాపార లెక్క ఇందులో ఉంది. ఫలితం మాత్రం వ్యాపారాన్ని దాటిపోయింది.

మా ఆఫీసులో ఒక జోర్డాన్ మిత్రుడు, ఒక సూడాన్ మిత్రుడు ఉన్నారు. ఇద్దరిదీ నా వయసే. టీ దగ్గర ఎవరి యాసలో వాళ్లు మాట్లాడితే రెండోవాడు నవ్వుతాడు. గ్రెండైజర్ మాట ఎత్తితే మాత్రం ఇద్దరూ ఒకే భాషలోకి దిగుతారు. "చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు మామూలు యాసలో తిట్టుకునేవాళ్లం, యుద్ధం ఆట మొదలయితే మాత్రం ఫుస్‌హాలోనే మాట్లాడేవాళ్లం. వీరులు ఆ భాషలోనే మాట్లాడతారని మా నమ్మకం" అన్నాడు సూడాన్ మిత్రుడు. ఒక్కసారి ఆలోచించండి. జపాన్ కథ అరబ్బు పిల్లల నోటినుంచి అరబిక్‌ని తీసేయలేదు. బడిలో బరువైన భాషని తెచ్చి వాళ్ల ఆటలో పెట్టింది.

సీరియల్ కథకి ఇంకో బలం కూడా ఉంది. లేని ఆశని పుట్టిస్తుంది. దీనికి సాక్ష్యం దోహాలోనే ఉంది. యోయిచి తకహాషి కెప్టెన్ త్సుబాసాని 1981లో మొదలుపెట్టాడు. అప్పటికి జపాన్‌లో బేస్‌బాల్ రాజ్యం. జపాన్ ప్రపంచకప్ గెలవాలని కలలు కనే ఒక బడిపిల్లాడి కథ అది. జపాన్ అప్పటిదాకా ప్రపంచకప్‌లో అడుగు కూడా పెట్టలేదు! ఆ కథ చదివిన పిల్లలు బంతి పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1993లో వృత్తిపరమైన లీగు మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 28న దోహాలో ఇరాక్‌తో ఆట. గెలిస్తే జపాన్‌కి తొలి ప్రపంచకప్ ఖాయం. 2-1తో ముందుంది. అదనపు సమయంలో ఇరాక్ గోల్ కొట్టింది. 2-2. జపాన్ ఆటగాళ్లు మైదానంలోనే కూలబడిపోయారు. ఆ దేశంలో ఆ రోజుని ఇప్పటికీ "దోహా విషాదం" అంటారు.

ఆ రోజు ఆడినవాళ్లలో హజిమె మొరియాసు ఒకడు. 2022 నవంబరు 23న అదే దోహా ప్రాంతంలో, ఖలీఫా స్టేడియంలో, ప్రపంచకప్ ఆటలో జపాన్ 2-1తో జర్మనీని ఓడించినప్పుడు జట్టు కోచ్ ఆయనే. ఎనిమిది రోజుల తరవాత అక్కడే స్పెయిన్‌ని కూడా 2-1తోనే ఓడించారు. కూలబడిన ఊళ్లోనే లేచి నిలబడ్డారు. ఊరంతా కెప్టెన్ మాజిద్ తరం అరబ్బులు జపాన్ కోసం కేకలు పెడుతుంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. ఒక బొమ్మల కథ నలభై ఏళ్లలో ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. తణుకు దగ్గర మా ఊళ్లో ఉంటుంది. ప్రతి శుక్రవారం పొద్దున్న వీడియో కాల్ చేస్తాం. మా అమ్మాయికీ మామ్మకీ మధ్య మాటలు మీ అందరి ఇళ్లలో లాంటివే. "తిన్నావా?" "ఊ." "బాగా చదువుతున్నావా?" "ఊ." "మీ నాన్నకియ్యి." మూడు నిమిషాలు. ప్రేమ లేక కాదు, మాట్లాడుకోవడానికి విషయం లేక.

ఒక శుక్రవారం మా అమ్మ పిల్ల చేతిలో పుస్తకం చూసింది. "అదేంటే, తిరగేసి పట్టుకున్నావు?" అంది.

"తిరగెయ్యలేదు మామ్మా, ఇది ఇలాగే చదవాలి."

"ఓహో, ఉర్దూ పుస్తకంలాగానా? ఏముంది అందులో?"

"ఒక ఎల్ఫ్ ఉంటుంది."

"ఎల్ఫ్ అంటే?"

పిల్ల చాలాసేపు తడుముకుంది. చెవులు పొడుగ్గా ఉంటాయంది, మంత్రాలు వచ్చంది, వెయ్యేళ్లు బతుకుతుందంది. "అలా చెప్పు, గంధర్వకన్య అన్నమాట. ఆ తరవాత?" అంది మా అమ్మ.

అది ఫ్రీరెన్ కథ. కానెహితో యమదా రచన, త్సుకాసా అబే బొమ్మలు. 2020 నుంచి వస్తోంది. రాక్షసరాజుని చంపడానికి నలుగురు పదేళ్లు కలిసి తిరుగుతారు. కథ మొదలయ్యేది ఆ యుద్ధం ముగిశాక. ఫ్రీరెన్‌కి పదేళ్లంటే మనకి పది రోజుల్లాంటివి. యాభై ఏళ్ల తరవాత తిరిగి వచ్చేసరికి జట్టు నాయకుడు హిమ్మెల్ ముసలివాడైపోయాడు, కొన్నాళ్లకే పోయాడు. అంత్యక్రియల్లో ఆమె ఏడుస్తుంది. పదేళ్లు పక్కన నడిచిన మనిషిని తెలుసుకోవడానికి ప్రయత్నించనేలేదే అని. మిగతా కథంతా ఆ తెలుసుకోవడమే.

మా అమ్మాయి దీన్ని వచ్చీరాని తెలుగులో చెప్పింది. నేను పక్కనే ఉన్నా మాట అందించలేదు. మాటలు మా అమ్మే అందించింది. ఆ కథలో నిధి పెట్టెలా కనబడి మనిషిని మింగబోయే భూతం ఒకటి ఉంటుంది, ఫ్రీరెన్ ప్రతిసారీ దాంట్లోనే తల పెడుతుంది. "పెద్ద పెట్టె మామ్మా, చెక్కది" అంటే, "భోషాణం! మా అత్తగారింట్లో ఉండేది. దాగుడుమూతల్లో మీ నాన్న అందులో దూరేవాడు" అంది అమ్మ. ఇద్దరూ పగలబడి నవ్వారు. భోషాణం, ఆయుష్షు, శాపం, కవచం, శిష్యురాలు. పిల్ల ఈ మాటలన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంది. మొదట ఇంగ్లీషు అక్షరాల్లో, ఇప్పుడు తెలుగులో.

హిమ్మెల్ పోయిన ఘట్టం దగ్గర మా అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత అడిగింది: "మరి నీకు మీ తాతగారి గురించి ఏం తెలుసే?"

పిల్లకి గోడ మీద ఫొటో తెలుసు. అంతకుమించి తెలియదు. ఆ వారం నుంచి వాళ్లిద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. మనవరాలు ఫ్రీరెన్ ఒక అధ్యాయం చెప్పాలి, మామ్మ తాతగారి కథ ఒకటి చెప్పాలి. తాతగారు సైకిల్ మీద తణుకు వెళ్లి చందమామ తెచ్చేవారనీ, పిల్లలకి ఇవ్వబోయే ముందు తను పూర్తిగా చదివేసేవారనీ నాకే తెలియదు. మూడు నిమిషాల కాల్ నలభై నిమిషాలైంది. ఫ్రీరెన్ కథ ఇంకా ముగియలేదు. మా అమ్మ దగ్గర కథలూ ఇంకా ఉన్నాయి. ఏది ముందు అయిపోతుందో నేను లెక్క వేయదలచుకోలేదు. కానీ ఈ శుక్రవారాలు లెక్కలేనన్ని లేవని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇది లైబ్రరీ ఉన్నవాళ్ల, తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అని మీరు అనవచ్చు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో ఎక్కువమందికి కుటుంబం పక్కన లేదు. జగిత్యాల వైపునుంచి వచ్చిన ఒక తమ్ముడు ఏసీ మెకానిక్. కొడుకుకి ఏడేళ్లు, ఊళ్లో ఉన్నాడు. వాడు టీవీలో తెలుగు డోరేమాన్ చూస్తాడు. ఈ తమ్ముడు డ్యూటీ దిగి గదికి వచ్చి ఫోన్ చేసి ముందు అడిగేది, "ఇయ్యాల నోబితా ఏం జేసిండు బిడ్డా?" అని. "పైసలు పంపుడు నా పని, ముచ్చట చెప్పుడు వాని పని అన్నా" అన్నాడు నాతో. వాడు చెప్పే ముచ్చట అందుకోవడానికని తను కూడా ఫోన్లో ఆ బొమ్మలు చూస్తాడు. రెండేళ్లకొకసారి ఇంటికి వెళ్లే తండ్రికి కొడుకు కొత్త మనిషి కాకుండా ఉండటానికి డోరేమాన్ పనికొస్తున్నాడంటే ఆ పిల్లి బొమ్మకి దణ్ణం పెట్టాలి.

తెలుగు డబ్బింగులు కూడా ఊపందుకున్నాయి. జపాన్ దర్శకుడు యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి చేసిన రామాయణం ఆనిమే 2025 జనవరిలో తెలుగులోనూ థియేటర్లకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో "డీమన్ స్లేయర్" సినిమా తెలుగు డబ్బింగ్‌తో విడుదలైంది. సంతోషమే. అయితే తెలుగు గొంతు పెట్టినంత మాత్రాన సరిపోదు, అది ఏ తెలుగు అన్నది చూడాలి. అరబ్బులు తమ భాషలో మేలైనదాన్ని తెచ్చి పిల్లల ముందు పెట్టారు. మనం ఇంగ్లీషు మాటల మధ్య తెలుగు క్రియలు అతికిస్తే పిల్లలు అదే తెలుగనుకుంటారు. చందమామ రాసినట్టు తేటగా, నోరు తిరిగేలా రాయగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఆ పనికి ముందుకు రండి.

చివరిగా మూడు మనవులు. ఒకటి, మన వారాంతపు తెలుగు బడుల్లో నెలకొక రోజు పిల్లలు తమకి ఇష్టమైన మాంగా కథని తెలుగులో చెప్పే పోటీ పెట్టండి. మాట తట్టకపోతే ఆగి అడగనివ్వండి, వెక్కిరించవద్దు. రెండు, ఆ రోజున తాతలనీ మామ్మలనీ, అమ్మమ్మలనీ పిలవండి, ఊళ్లో ఉంటే ఫోన్లో కూర్చోబెట్టండి. మాటలు వాళ్ల దగ్గరున్నాయి. మూడు, ఏది పిల్లలకి, ఏది పెద్దలకి అన్నది మాంగాలోనూ ఉంది. రక్తపాతం ఉన్నవి, పిల్లలు చూడకూడనివి ఉన్నాయి. పుస్తకం లాక్కోకండి, ముందు మీరు చదవండి. చదివితే మీకే తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది, పిల్లలతో మాట్లాడటానికి మీకు ఒక విషయం దొరుకుతుంది.

ఇక్కడినుంచి వెళ్లాక ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లని ఒక్క ప్రశ్న అడగండి. "ఏం చదువుతున్నావు?" అని కాదు, అది పరీక్షాధికారి అడిగే ప్రశ్న. ఒక కథ చెప్పమనండి. చెబుతూ చెబుతూ ఆగినప్పుడు "ఆ తరవాత ఏమైంది?" అనండి. తెలుగులో అనండి. జవాబు ఏ భాషలో మొదలైనా ఫరవాలేదు, ఓపిక పడితే మెల్లగా మన దారికి వస్తుంది.